తెర దిగి... స్టేజీ ఎక్కి!

కథ తెలుసు. క్లైమాక్సూ తెలుసు. పాటలైతే నోటికి వచ్చు. సోఫాలో కూర్చుని రిమోట్‌ నొక్కితే సినిమా మొత్తం కళ్లముందుంటుంది. అయినాసరే... అదే కథని రంగస్థలం మీద ఆడుతున్నారంటే వేలకు వేలు పోసి టిక్కెట్టు కొని మరీ వెళ్తున్నారు జనం. న్యూయార్క్‌, లండన్‌, ముంబయి, టోక్యో... ఎక్కడ చూసినా ఇదే వరస. ఆ వరసలో ఓ తెలుగు సినిమా కూడా చేరింది. అదీ జపాన్‌లో, జపాన్‌ భాషలో!

2024 జనవరి. జపాన్‌లోని తకరాజుకా పట్టణం. రెండున్నర వేల మంది పట్టే భారీ థియేటర్‌. తెర లేచింది. మెడలో కండువా, ఒత్తయిన జుట్టు, కండలు తిరిగిన వీరుడి నడక... కొమరం భీమ్‌ వచ్చాడు. అతనికి ఎదురుగా రామరాజు. ఇద్దరూ చేతులు కలిపారు. కాసేపటికి తెల్లదొరల విందులో భుజం భుజం కలిపి ‘నాటు నాటు’కి చిందేశారు. హాలు మొత్తం చప్పట్లు. ఇంతవరకూ మనకు తెలిసిన ‘ఆర్‌ఆర్‌ఆర్‌’ కథే. తెలియాల్సిన విషయం మరోటుంది. ఆ భీమ్‌, ఆ రామరాజు, భీమ్‌ని కొరడాతో కొట్టించిన దొర... అందరూ అమ్మాయిలే!

మీసాల పాత్రలూ మగువలవే

తకరాజుకా రెవ్యూ కంపెనీది వందేళ్లు దాటిన చరిత్ర. దాని పుట్టుక వెనక కళాభిమానం కన్నా ముందు ఓ రైలు ఉంది. ఇచిజో కొబయాషి అనే వ్యాపారి ఒసాకా దగ్గర్లో రైలు మార్గం వేశాడు. ఆ మార్గానికి చిట్టచివరి స్టేషను తకరాజుకా. అక్కడ వేడినీటి బుగ్గలు తప్ప చెప్పుకోదగ్గవేం లేవు. రైలెక్కి అంతదూరం జనం రావాలంటే ఏదో ఒక ఆకర్షణ ఉండాలిగా! ఈతకొలను కట్టించాడు. నీళ్లు మరీ చల్లగా ఉన్నాయని ఎవరూ దిగలేదు. దాంతో ఆ కొలనునే నాటకశాలగా మార్చేసి, 1913లో కొందరు ఆడపిల్లల్ని చేర్చుకుని ఆటా పాటా నేర్పించి, 1914లో తొలి ప్రదర్శన ఇప్పించాడు. రైలు టిక్కెట్లు అమ్ముకోవడానికి మొదలైన ఆ ఆట ఇవాళ అయిదు బృందాలతో, సొంత సంగీత పాఠశాలతో, తరతరాల అభిమానులతో నడుస్తోంది.

ఆ పాఠశాలలో సీటు దొరకడమే గగనం. రెండేళ్ల శిక్షణ. ఆ తర్వాత ఎవరు మగ పాత్రలు వేయాలో, ఎవరు ఆడ పాత్రలు వేయాలో తేలిపోతుంది. ఒకసారి మగ పాత్రధారి అయ్యాక గొంతు, నడక, కూర్చునే తీరు... అన్నీ అందుకు తగ్గట్టే మారాలి. పెళ్లి చేసుకుంటే కంపెనీ వదిలిపెట్టాల్సిందే. మన రంగస్థలం మీద స్థానం నరసింహారావు సత్యభామ వేషం కడితే ఆడవాళ్లే అసూయపడేవారని చెప్పుకుంటాం. అక్కడ సరిగ్గా అందుకు తిరగేసి అన్నమాట. తకరాజుకా హీరోలను ఆరాధించేవాళ్లలో అత్యధికులు మహిళలే.

‘ఆర్‌ఆర్‌ఆర్‌’ జపాన్‌లో 2022 అక్టోబరులో విడుదలైంది. రెండు దశాబ్దాలకు పైగా ‘ముత్తు’ పేరిట ఉన్న రికార్డును దాటేసి, అక్కడ అత్యధిక వసూళ్లు సాధించిన భారతీయ చిత్రంగా నిలిచింది. వసూళ్లు 200 కోట్ల యెన్‌లు దాటాయి. ఆ ఊపు చూశాకే తకరాజుకా వాళ్లు స్టేజీకి ఎక్కించారు. వాళ్లకి మన సినిమాలు కొత్తేమీ కాదు. షారుక్‌ఖాన్‌ ‘ఓం శాంతి ఓం’ని 2017లోనే ఆడేశారు.

మూడు గంటల పైచిలుకు సినిమాని ఉన్నదున్నట్టు ఆడే వీలు వాళ్లకి లేదు. తకరాజుకాలో ఓ ఆనవాయితీ ఉంది. ఆట మొదటి సగం నాటకం, రెండో సగం పాటలూ నృత్యాల మేళా. అంటే కథకి దక్కేది గంటన్నర కాస్త అటూఇటూగా. అందుకే భీమ్‌ వైపు నుంచి కథ చెప్పారు. ‘స్టార్‌’ బృందం అగ్ర నాయకుడు, అంటే నాయకుడి వేషం వేసే నటి రేయ్‌ మకోతో భీమ్‌ అయింది. రామరాజుగా అకత్సుకి చిసేయ్‌ నటించింది. అగ్ర నాయిక మైసోరా హితోమికి జెన్నీ పాత్ర. నాయికా నాయకుల జంటని చూడటానికే అభిమానులు వస్తారు కాబట్టి, సినిమాలో అతిథిలా మెరిసిన జెన్నీ ఇక్కడ అసలైన కథానాయిక అయిపోయింది. ఏది ఉంచాలి, ఏది పెంచాలన్నది సినిమాని బట్టి కాదు, ఆ వేదికకి వచ్చే ప్రేక్షకుల్ని బట్టి తేల్చుకున్నారు. 

ముందు తకరాజుకాలో, ఆ తర్వాత ఏప్రిల్‌ దాకా టోక్యోలో ఆడిన ఆ నాటకాన్ని రాజమౌళి మార్చిలో సతీసమేతంగా చూశారు. ఆ అమ్మాయిల ఉత్సాహానికి ముచ్చటపడి సామాజిక మాధ్యమంలో అభినందనలు తెలిపారు.

పులుల్ని, అడవి జంతువుల దండుని కంప్యూటర్‌ గ్రాఫిక్స్‌తో తెరమీదికి దూకించిన సినిమా అది. అవేవీ లేని స్టేజీ మీద అంతమందిని మెప్పించిందంటే... సినిమాని ప్రేమించడానికి గ్రాఫిక్స్‌ ఒక్కటే కారణం కాదన్నమాట.

ఏడ్చే సింహాలు, ఎండిపోయే పట్టుగుడ్డ

ఆ కిటుకుని ప్రపంచానికి తెలియజెప్పింది ‘ద లయన్‌ కింగ్‌’. 1994లో కార్టూన్‌ సినిమాగా వచ్చి ఇంటింటి పిల్లల్నీ కట్టిపడేసింది. దాన్ని నాటకంగా వేద్దామని డిస్నీ సంస్థ తలపెట్టినప్పుడు చాలామంది పెదవి విరిచారు. ఒక్క మనిషి పాత్రయినా లేని కథ! నటులకు సింహం బొచ్చు తొడిగి నాలుగు కాళ్ల మీద పాకిస్తే నవ్వులపాలవడం ఖాయం. అప్పుడు ఆ బాధ్యత జూలీ టేమర్‌ అనే దర్శకురాలి చేతికి వచ్చింది. ఆమె పడుచు వయసులో ఇండొనేసియాలో ఉండి అక్కడి ముసుగు నాటకాలనీ, తోలుబొమ్మలాటనీ దగ్గరగా చూసిన మనిషి.

ఆమె చేసిన పని ఒక్కటే. నటుణ్ని దాచలేదు. సింహం ముసుగు నటుడి ముఖానికి కాదు, తలపైన ఉంటుంది. కోపం వచ్చినప్పుడు కిందికి వాలుతుంది, శాంతించాక పైకి లేస్తుంది. దాంతో ప్రేక్షకుడికి సింహమూ కనపడుతుంది, దాన్ని ఆడిస్తున్న మనిషీ కనపడతాడు. జిరాఫీ అంటే కాళ్లకీ చేతులకీ పొడవాటి కర్రలు కట్టుకుని నడిచే ఓ నటుడు. గడ్డిమైదానం అంటే తలమీద గడ్డి పెట్టుకుని నిలబడ్డ నర్తకులు. కరవు వచ్చిందని చెప్పడానికి స్టేజీ మీద గుండ్రంగా పరిచిన నీలం పట్టుగుడ్డని నేలలోని రంధ్రంలోంచి మెల్లగా కిందికి లాగేస్తారు. చూస్తుండగానే చెరువు ఎండిపోతుంది! రాజు చనిపోయినప్పుడు ఆడ సింహాలు కళ్లలోంచి తెల్లటి రిబ్బన్లు లాగుతాయి. అవే కన్నీళ్లు. తోలుబొమ్మల వెనక దీపం, దాన్ని ఆడించే చేతుల నీడ చూస్తూ పెరిగిన మన నిమ్మలకుంట పిల్లలకి ఇందులో వింత ఏమీ ఉండకపోవచ్చు. న్యూయార్క్‌కి మాత్రం అది కొత్త.

1997 నవంబరులో బ్రాడ్‌వేలో మొదలైంది ఆ ఆట. మరుసటి ఏడాది ఆరు టోనీ అవార్డులు గెలిచింది. నాటకరంగంలో ఆస్కార్‌ లాంటివవి. సంగీత నాటకానికి ఉత్తమ దర్శకత్వపు టోనీ అందుకున్న తొలి మహిళ జూలీ టేమరే. 2013లో, ఒక్క బ్రాడ్‌వేలోనే 100 కోట్ల డాలర్ల వసూళ్లు దాటిన మొట్టమొదటి నాటకంగా చరిత్రకెక్కింది. సినిమా హాళ్లలో ఆ కార్టూన్‌ మొత్తం ప్రపంచం మీద కూడా అంత సంపాదించలేదు. వారానికి ఎనిమిది ఆటలు, పాతికేళ్లు దాటినా ఆగలేదు.

ఆ ఆట మొదలయ్యేటప్పుడు ఏనుగు, పక్షులు, జింకలు స్టేజీ మీదికి పక్కల నుంచి రావు. ప్రేక్షకుల కుర్చీల మధ్య దారిలోంచి నడిచొస్తాయి. నలుగురు మనుషులు మోసే ఆ ఏనుగు పక్కనుంచి వెళ్తుంటే తొండం తగులుతుందేమోనని కాళ్లు ముడుచుకోవాల్సిందే. టీవీ ఎంత పెద్దదైనా ఇవ్వలేనిది అదే. తెరమీద హీరో ఎప్పుడూ పడిపోడు. పడిపోతే మళ్లీ తీస్తారు. స్టేజీ మీద మాత్రం గొంతు పట్టేయొచ్చు, కాలు జారొచ్చు, తాడు తెగొచ్చు. ఆ భయం చూసేవాళ్లలోనూ ఎక్కడో ఉంటుంది. అందుకే ఏమీ కాకుండా గండం గట్టెక్కినప్పుడల్లా చప్పట్లు అంత గట్టిగా మోగుతాయి.

అనార్కలి మళ్లీ పాడింది

మనదేశంలో ఆ మాయని రుజువు చేసింది ‘మొఘల్‌-ఎ-ఆజమ్‌’. కె.ఆసిఫ్‌ ఏళ్ల తరబడి చెక్కిన ఆ సినిమా 1960లో విడుదలైంది. అక్బరుగా పృథ్వీరాజ్‌ కపూర్‌, సలీంగా దిలీప్‌కుమార్‌, అనార్కలిగా మధుబాల. అలాంటి కళాఖండాన్ని ముట్టుకోవడానికే ఎవరికైనా చేతులు వణుకుతాయి. ‘తుమ్హారీ అమృత’ లాంటి నాటకాలతో పేరు తెచ్చుకున్న ఫిరోజ్‌ అబ్బాస్‌ఖాన్‌ సాహసించాడు. ఆనాడు సినిమాకి డబ్బు పెట్టిన షాపూర్జీ పల్లోంజీ సంస్థే ఈ నాటకానికీ పెట్టింది. 2016 అక్టోబరులో ముంబయిలోని ఎన్‌సీపీఏలో తొలి ఆట పడింది. 

మనీష్‌ మల్హోత్రా దుస్తులు, మయూరి ఉపాధ్య నృత్యాలు, పదుల సంఖ్యలో కథక్‌ నర్తకులు... హంగులకి కొదవలేదు. అయితే జనాన్ని కుర్చీ అంచుకి లాగింది అవేవీ కావు. అనార్కలి పాత్రధారి నిజంగానే పాడటం! సినిమాలో మధుబాల పెదవులు కదిపితే లతా మంగేష్కర్‌ గొంతు పలికింది. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. గిరగిరా తిరుగుతూ నాట్యం చేయాలి, చక్రవర్తి కళ్లలోకి చూస్తూ సంభాషణ చెప్పాలి, వెంటనే నౌషాద్‌ బాణీని శ్రుతి తప్పకుండా అందుకోవాలి. ప్రేమించాను, భయమెందుకని అనార్కలి నిండు సభలో పాడే పాట దేశంలో దాదాపు అందరికీ తెలుసు. ఎక్కడ తడబడినా దొరికిపోతుంది. ముంబయి, ఢిల్లీలను దాటి ఆ నాటకం 2023లో అమెరికా నగరాలు కూడా తిరిగొచ్చింది.

విశేషమేంటంటే... ఆ సినిమా కూడా నాటకం నుంచి పుట్టిందే. ఇంతియాజ్‌ అలీ తాజ్‌ అనే ఉర్దూ రచయిత 1922లో రాసిన ‘అనార్కలి’ దానికి మూలం. 1955లో అక్కినేని, అంజలీదేవి నటించిన మన ‘అనార్కలి’దీ ఆ ప్రేమకథే. స్టేజీ మీద పుట్టి, తెరకెక్కి, దాదాపు వందేళ్లకి మళ్లీ పుట్టింటికి వచ్చిందన్నమాట.

స్పైడర్‌మ్యాన్‌ బడి

అన్ని కథలకీ రాజులూ సింహాలూ అక్కర్లేదు. బొగ్గు గని కార్మికుడి కొడుకు బ్యాలే డ్యాన్సు నేర్చుకోవాలనుకుంటాడు. తండ్రేమో బాక్సింగు నేర్చుకోమంటాడు. అదే సమయంలో గని కార్మికుల సమ్మె. ఇదీ 2000లో వచ్చిన బ్రిటిష్‌ సినిమా ‘బిల్లీ ఎలియట్‌’. కాన్స్‌ చిత్రోత్సవంలో దాన్ని చూసిన సంగీతకారుడు ఎల్టన్‌ జాన్‌ వెక్కివెక్కి ఏడ్చాడట. నాటకం చేద్దామన్న ఆలోచనా ఆయనదే, సంగీతమూ ఆయనదే. 2005లో లండన్‌లో మొదలై 2016 వరకు, అంటే పదకొండేళ్లు ఆడింది.

ఇందులో మొత్తం భారం ఓ పన్నెండేళ్ల పిల్లాడి మీద ఉంటుంది. రోజూ ఒక్కడే మోయలేడు. అందుకని ముగ్గురు నలుగురిని తయారుచేసి వంతులవారీగా ఆడించేవారు. న్యూయార్క్‌లో అలా ఆడిన ముగ్గురు అబ్బాయిలకీ కలిపి 2009లో ఉత్తమ నటుడి టోనీ ఇచ్చారు. పిల్లలు ఎదిగిపోతుంటారు కదా, గొంతు మారగానే కొత్త బిల్లీ కావాలి. అలా 2008లో లండన్‌ స్టేజీ ఎక్కిన ఓ బిల్లీ పేరు... టామ్‌ హాలండ్‌. అవును, ఇప్పటి స్పైడర్‌మ్యానే!

2013 ఏప్రిల్‌ 8న మార్గరెట్‌ థాచర్‌ మరణించారు. ఆ నాటకంలో కార్మికులు ఆవిడ చావుని కోరుకుంటూ పాడే పాట ఒకటుంది. ఆ రాత్రి అది పాడొచ్చా, మానేయాలా? హాల్లో ఉన్నవాళ్లనే ఓటేయమన్నారు. పాడమనే ఎక్కువమంది తీర్పిచ్చారు. మంచీచెడ్డా ఎవరికి తోచినట్టు వాళ్లు అనుకోవచ్చు గానీ, సినిమా రీలుని ఆపి ఇలా ప్రేక్షకుల్ని అడగడం మాత్రం కుదిరే పని కాదు.

పేరు చాలదు

పెద్ద సినిమా పేరు పెట్టేస్తే టిక్కెట్లు తెగుతాయనుకుంటే పొరపాటే. ‘గాన్‌ విత్‌ ద విండ్‌’ని మించిన పేరేముంటుంది? 2008లో లండన్‌లో స్టేజీ ఎక్కిస్తే 79 ఆటలకే మూతపడింది. నాలుగు గంటల సినిమాలోని యుద్ధాలనీ ప్రేమలనీ ఒక్క వేదిక మీద కూరబోయారు. అంతకుముందు 1988లో ‘క్యారీ’ భయానక కథని పాటల నాటకంగా బ్రాడ్‌వేలో పెడితే, అధికారిక ప్రారంభం తర్వాత అయిదు ఆటలతో సరి. 70 లక్షల డాలర్ల పైమాట మట్టిలో కలిసింది. మరోవైపు, ఓ నాటకాన్ని కావాలనే ఫ్లాప్‌ చేసి డబ్బు నొక్కేయాలనుకునే మోసగాళ్ల కథ ‘ద ప్రొడ్యూసర్స్‌’. ఒకమాదిరిగా ఆడిన ఆ 1967 నాటి సినిమాని 2001లో నాటకం చేస్తే ఏకంగా 12 టోనీలు కొల్లగొట్టింది.

మార్పులు చేస్తే ఒక తంటా, చేయకపోతే మరో తంటా. ‘దిల్‌వాలే దుల్హనియా లేజాయేంగే’ని ఆదిత్య చోప్రా స్వయంగా ‘కమ్‌ ఫాల్‌ ఇన్‌ లవ్‌’ పేరుతో 2022లో అమెరికాలోని శాన్‌డియాగోలో వేయించాడు. అందులో షారుక్‌ పాత్ర రాజ్‌ కాస్తా తెల్ల అబ్బాయి రోగ్‌ అయ్యాడు. ‘మా రాజ్‌ని మాకు కాకుండా చేస్తారా’ అని అభిమానులు మండిపడ్డారు. అయినా ఆ మార్పు అలాగే ఉంచి 2025లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లోనూ ఆడించారు. పంజాబీ ఆవపొలం, కదిలే రైలు, తండ్రి వదిలిన చెయ్యి... వీటిని పట్టుకుని, ఆ అబ్బాయిని వదిలేస్తే అది అదే కథ అవుతుందా? అభిమానుల కోపంలో న్యాయం లేకపోలేదు.

మన సంగతేంటి?

తెలుగు సినిమా పుట్టిందే నాటకాల పొత్తిళ్లలో. తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా నటించింది సురభి కమలాబాయి. ‘వరవిక్రయం’, ‘కన్యాశుల్కం’, ‘చింతామణి’... వరసపెట్టి నాటకాలు సినిమాలయ్యాయి. తెర మీంచి స్టేజీకి నడిచిన దారి మాత్రం చిన్నది. అదీ ఎక్కువగా దొడ్డిదారే. ‘దానవీరశూరకర్ణ’ వచ్చిన 1977 నుంచి నేటి వరకు బడి వార్షికోత్సవంలో ఎవరో ఒక బాల సుయోధనుడు గద భుజాన వేసుకుని కొండవీటి వేంకటకవి రాసిన ఆ సుదీర్ఘ సంభాషణని ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాల్సిందే. మధ్యలో మర్చిపోతే ముందు వరసల్లోని తాతయ్యలే అందిస్తారు! ఎం.ఆర్‌.రాధా తమిళంలో నాటకంగా ఆడి, 1954లో సినిమాగానూ చేసిన ‘రక్తకన్నీర్‌’ని నాగభూషణం తెలుగులో ఊరూరా ఆడారు. ఆయన సినిమాల్లో ఎన్ని పాత్రలు వేసినా ‘రక్తకన్నీరు’ నాగభూషణంగానే మిగిలిపోయారు.

ఇక ‘మాయాబజార్‌’. వ్యాసభారతంలో లేని శశిరేఖ పెళ్లి కథ ముందు స్టేజీ మీద నానింది. 1957లో కేవీ రెడ్డి చేతిలో వెండితెర అద్భుతమైంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచకవధ’తో మొదలుపెట్టిన సురభి నాటకాల్లోనూ ‘మాయాబజార్‌’ది పెద్దపీట. ఇప్పుడు ఆ నాటకానికి వచ్చేవాళ్లలో చాలామంది ఆ కథని మొదట టీవీలో చూసినవాళ్లే. ఎస్వీ రంగారావుని మనసులో పెట్టుకునే ఘటోత్కచుడి కోసం ఎదురుచూస్తారు. ఈలోగా పొగలు చిమ్ముతాయి, గాల్లో బాణాలు ఢీకొని మెరుపులు రాలతాయి, పాత్రలు తీగల మీద తేలుతూ వస్తాయి. మనవళ్లు నోరు తెరుచుకుని చూస్తారు. తీగ కనపడుతూనే ఉంటుంది. అయినా చూస్తారు.

మరి ‘లయన్‌ కింగ్‌’లా ఒక తెలుగు సినిమా ఏళ్ల తరబడి ఎందుకు ఆడటం లేదు? ప్రతిభ లేక కాదు. బ్రాడ్‌వేలో ఒక నాటకానికి ఒక థియేటర్‌. సెట్టు వేస్తే ఆట ఆగేదాకా కదపరు. ఖర్చు వందలాది ఆటల మీద తీరుతుంది. మన దగ్గర రవీంద్రభారతి లాంటి హాలుని పూటకో రోజుకో అద్దెకి తీసుకోవాలి. సాయంత్రం సెట్టు వేసి రాత్రికి విప్పేయాలి. పరిషత్తు పోటీల్లో అయితే సెట్టుకి దొరికేది నిమిషాలే. ఒక్క రాత్రి ఆట కోసం ఎవరు మాత్రం కోట్లు పెడతారు? సురభి వాళ్లు తరాలపాటు ఊరూరా తమ డేరా తామే వేసుకుని నెలల తరబడి ఆడింది అందుకే.

హాలే దొరికితే కథలకి కరవా! ‘గుండమ్మ కథ’కి కావాల్సింది ఒక మండువా ఇల్లు, ఒక రుబ్బురోలు, నోరున్న ఓ అత్తగారు. ‘మిస్సమ్మ’కి ఓ అద్దె వాటా, పక్కింట్లో హార్మోనియం చాలు. ‘సాగర సంగమం’లో బావి గట్టు మీది నాట్యాన్ని కళ్లముందు చూడటమంటే గుండె జారిపోదూ? అన్నింటికన్నా కష్టం ‘శంకరాభరణం’. 1980 నాటి ఆ సినిమాలో శంకరశాస్త్రికి బాలు గొంతు అరువిచ్చారు. స్టేజీ మీద అలా కుదరదు. ఆ పంచెకట్టు, ఆ చూపు, ఆ గాత్రం ఒకే మనిషిలో ఉండాలి. సినిమాలో శాస్త్రి పాత్ర వేసిన జె.వి.సోమయాజులు మాత్రం అసలు సిసలు రంగస్థల నటుడే. డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేస్తూ, తమ్ముడు రమణమూర్తి గిరీశంగా, తాను రామప్పపంతులుగా ‘కన్యాశుల్కం’ ఆడుతూ ఊళ్లు తిరిగినవాడు.